లారీ తర్వాత

నత్తలంక బడిలో ఏ పిల్లనడిగినా, ఏ పిల్లాణ్ణడిగినా ఆహార గొలుసు లారీ దగ్గర ఆగిపోయేది.

కాగితం ఇచ్చి, "మీ ఊళ్ళో ఏది దేన్ని తిని బతుకుతుందో గీయండి" అంటే ముందు మనిషిని గీసేవారు. మనిషి దగ్గర్నుంచి తవుడు సంచికి ఒక బాణం. సంచి నుంచి చేపకి ఒకటి. చేప నుంచి లారీకి ఇంకొకటి. అక్కడితో సరి. లారీని మాత్రం ప్రాణం పెట్టి గీసేవారు. ముందు వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ, అద్దం మీద దేవుడి పేరూ, వెనక తలుపు సందులోంచి కారే ఐసు నీళ్ళ చుక్కలూ ఏవీ వదిలేవారు కాదు.

"లారీ తర్వాత?" అని అడిగేవాణ్ణి. మా పద్ధతిలో ఆ ప్రశ్న తప్పనిసరి.

"లారీ తర్వాత ఏముంటదండీ? ఎల్లిపోద్ది."

అది కొల్లేటి లంక ఊరు. చుట్టూ చేపల చెరువులు, చెరువుల మధ్య గట్లు, గట్ల మీద లారీలు. అక్కడ చేపని పట్టడమంటే పంపడమే. పుస్తకంలో గొలుసు అడిగితే గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. సొంత ఊరి గొలుసు అడిగితే మళ్ళీ లారీయే. మేం దాన్ని అపోహ అని రాసుకున్నాం. దిద్దడానికే వచ్చాం.

మేం అంటే ఇద్దరం. నేను ఏలూరులో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా ఆవిడ సుభద్ర పోయాక ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చోవడం ఎందుకని, పిల్లలకి ప్రకృతి ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించే ఈ పనిలో చేరాను. రెండో మనిషి రెహానా. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని కాలిక్యులేటర్లు విప్పిన పిల్ల. ఇప్పుడు అల్లిక అనే యంత్రం చేసింది.

అల్లిక చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. చలికాలంలో పిల్లలకి తొడిగే మంకీ క్యాపు లాంటి టోపీ, దాని లోపల వెంట్రుకకన్నా సన్నటి తీగలు. బల్ల మీద ఒక గాజు పళ్ళెం. టోపీ పెట్టి ఒక మాట చెబితే, ఆ మాట వినగానే తలలో ఏయే సంగతులు మేలుకున్నాయో పళ్ళెంలో చుక్కలుగా వెలుగుతాయి, ఒక్కో చుక్క పక్కన దాని పేరు. చుక్కకీ చుక్కకీ మధ్య వెలుగు పోగులు. నిప్పు అంటే నిప్పుకీ చేతికీ మధ్య తాడంత పోగు లేచేది. అది చదివి నేర్చుకున్నది కాదు, కాలి నేర్చుకున్నది. గడ్డికీ మిడతకీ మధ్య సాలెపోగు. చేపకీ లారీకీ మధ్య పడవకి కట్టే మోకు.

పెద్దవాళ్ళకీ పెట్టి చూశాం. బళ్ళో పంతులమ్మకి, సర్పంచి గారికి, చివరికి మాకు మేమే. ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన నా తలలో గడ్డికీ మిడతకీ మధ్య ఉన్న పోగుని చూడటానికి కిటికీలు మూయాల్సి వచ్చింది.

"మీతో మార్కులు వేయించుకున్నందుకు సిగ్గేస్తోంది మాస్టారూ" అంది రెహానా.

"నీ పోగేదో చూడు ముందు" అన్నాను. ఆవిడది నాకన్నా సన్నం. ఇద్దరం నవ్వుకున్నాం.

మాకు మధ్యాహ్నం భోజనం తిరపతమ్మ ఇంట్లో. ఆమె భర్త ఏడుకొండలు ఒక ఆసామి చెరువుకి కాపలాదారు. ఇల్లు గట్టు మీదే. మేత సంచులకి చిల్లులు పెట్టి నీళ్ళలో పాతిన కర్రలకి కట్టడం, చేపలకి పేను పడితే మందు కలిపి చల్లడం, చేపల మీదికొచ్చే పక్షుల్ని టపాకాయలు కాల్చి తోలడం అతని పనులు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు అయిదో తరగతి. కొల్లేటికోట అమ్మవారి పేరు పెట్టుకున్నారు. పెద్దింట్లు.

మొదటి రోజే శీలావతి పులుసు. నాది మెట్ట ప్రాంతం. చేపలో ముళ్ళు ఏరుకోవడం నాకు చేతకాదు. సుభద్ర ఏరి పెట్టేది. ఆమె పోయాక నేను చేప మానేశాను. సంగతి చెప్పుకోలేక, ఆకలి లేదమ్మా అన్నాను.

"ఆకలి లేకేం కాదమ్మా, మాస్టారికి ముళ్ళు తీసుకోటం రాదు" అంది పెద్దింట్లు. "ఇంత సదువుకున్నారు, ఇది నేర్పలేదా మీకు?"

"నోరు ముయ్యవే! పెద్దాయన్ని అట్టా అనొచ్చా?" అని తిరపతమ్మ కసిరింది.

పిల్ల అప్పటికే నా పళ్ళెం తన ముందుకి లాక్కుంది. చిన్న వేళ్ళతో ముక్కని చీల్చి, పంగల ముళ్ళు ఒక్కొక్కటే దువ్వినట్టు లాగి, తెల్లటి కండ కుప్పగా పెట్టి ఇచ్చింది.

"తినండి మాస్టారూ. ముళ్ళేం లేవు."

తిన్నాను. ఎన్నాళ్ళకో. కళ్ళలో నీళ్ళు తిరిగితే కారం అని చెప్పాను.

అన్నాలయ్యాక తిరపతమ్మ చివరి ముద్ద కలిపి పట్టుకుని, "ఏదీ, గూడబాతు నోరు?" అంది. పెద్దింట్లు తల వెనక్కి వాల్చి నోరు బారెడు తెరిచింది. ముద్ద లోపల పడింది.

"సంటిపిల్లప్పుడు అన్నం తినక సంపేసేదండీ" అంది తిరపతమ్మ సిగ్గుపడుతూ. "చెరువు మీద గూడబాతుల్ని సూపించి, అదిగో అది సంచీ నోరు తెరిసింది, నువ్వూ తెరు అని పెట్టేదాన్ని. ఇప్పటికీ ఆఖరి ముద్ద అట్టానే తినాల."

"ఇంట్లో గూడబాతుకి ముద్దలెట్టేదీ మేమే, చెరువు మీద గూడబాతుల్ని టపాకాయలెట్టి తోలేదీ మేమే" అన్నాడు ఏడుకొండలు.

ఆ పిల్ల వంతు వచ్చిన రోజు టోపీ పెట్టి "చేప" అన్నాం. మనిషి, తవుడు, లారీ వెలిగాయి, మామూలే. ఆ తర్వాత మేం అడక్కుండానే ఇంకో చుక్క వెలిగింది. గూడబాతు. దాన్నుంచి అమ్మకి మోకంత పోగు, అన్నానికి మరొకటి, ఇంకొకటి ఎక్కడికో చీకట్లోకి వెళ్ళి అక్కడ ఒక కొత్త చుక్కని వెలిగించింది. రెహానా వంగి చూసింది.

"మాస్టారూ, ఇది 'నేను'."

బడి మొత్తం మీద ఎవరి అల్లికలోనూ ఆ చుక్క లేదు. పిల్లలు అన్నిటినీ గీశారు గానీ అందులో తమని తాము పెట్టుకోలేదు. మేమూ పెట్టుకోలేదు. ఒక్క ఈ పిల్లకి, గూడబాతు నోరు పుణ్యమా అని, తను లోపలే ఉంది.

అందుకే ఆమెని ఎంచుకున్నాం.

రెహానా అప్పటికి ఇంకో సంగతి కనిపెట్టింది. పిల్ల ఒక పోగు వెంట ఆలోచనతో నడుస్తున్నప్పుడు టోపీలోంచి చిన్న తాకిడి ఇస్తే, ఆ పోగు అప్పటికప్పుడు లావెక్కుతుంది. చదువుగా తెలిసినది, కాలి తెలిసినంత లోతుగా దిగుతుంది. దీనికి బిగింపు అని పేరు పెట్టాం. లెక్కలు, భాష ఏమైనా నేర్పొచ్చు. మేం ముందు గొలుసుతో మొదలుపెట్టాం. పర్యావరణం పాఠాలు పిల్లలకి తలకెక్కడం లేదని అందరూ మొత్తుకుంటున్న రోజులు.

ఏడుకొండలుకి అంతా వివరంగా చెప్పాం. అతను చేతులు కట్టుకుని విన్నాడు.

"మా పిల్లకి బాగా అర్థమవుద్దంటున్నారు. అంతకంటే ఏం గావాలండి? అర్థంగాక మేం ఇట్టా ఉన్నాం" అన్నాడు.

బడి వెనక గదిలో, ఎండ నిలువుగా పడే వేళ, పెద్దింట్లుకి టోపీ తొడిగాం.

"లారీ తర్వాత?" అన్నాను.

"రోడ్డు."

"రోడ్డు తర్వాత?"

"ఇంకో ఊరు. మన భాష రాని ఊరంట."

"ఆ ఊళ్ళో ఏమవుతుంది?"

కళ్ళు మూసుకుంది. "బజారు. ఒకామె బేరం చేత్తంది. ఇంటికి తీసుకెల్లి తోమింది. వండింది."

"ఎవరికి?"

"ఆళ్ళ పాపకి."

రెహానా తాకిడి ఇచ్చింది. పళ్ళెంలో లారీకి అవతల, ఎప్పుడూ చీకటిగా ఉండే చోట, ఒక పోగు లేచి బిగుసుకుంది. అక్కడితో ఆపాలని మా ఉద్దేశం. పోగు ఆగలేదు. ఆ కనిపించని పాప దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చేపలోకి వచ్చింది, చేప నుంచి నీళ్ళలోకి, నీళ్ళ నుంచి పేను మందులోకి, మందు నుంచి నాన్న చేతిలోకి. గట్టు మీద పారేసిన చచ్చిన చేపల్లోకి, వాటిని తినే గూడబాతులోకి. మురుగు కాలవలోకి, దాని నీళ్ళు పారే వరి చేలోకి, అన్నంలోకి, అమ్మ చేతి ముద్దలోకి, 'నేను'లోకి. ప్రతి పోగూ పక్కదాన్ని పట్టుకుని లావెక్కింది. గాజు పళ్ళెం అంచుల దాకా వెలుగుతో నిండిపోయింది. నేను అంత అందమైన వస్తువు చూడలేదు. ఇన్నేళ్ళూ నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసింది దీన్నే కదా అనుకున్నాను.

రెహానా నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. పెద్దింట్లు కళ్ళు తెరిచింది.

"మాస్టారూ, ఇదంతా మీకు ముందే తెల్సా?"

"తెలుసమ్మా."

"మా నాన్నకి?"

"ఆయనకీ తెలుసు. అందరికీ తెలిసిందే."

నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. నేను తప్పు విన్నానేమో, ఆ పిల్ల ఇంకేదో అడిగిందేమో అన్నట్టు ఉంది ఆ చూపు.

ఆ వారంలోనే వాళ్ళ చెరువు పట్టుబడి. తెల్లవారేసరికి గట్టు మీద సందడి. వలలాగేవాళ్ళు నడుం లోతు నీళ్ళలో వరసగా నిలబడి పాటందుకున్నారు. బొచ్చెలూ శీలావతులూ వెండి రేకుల్లా ఎగిరి పడుతున్నాయి. ఆడవాళ్ళు ట్రేలలో ఐసు పరిచి చేపల్ని సర్దుతున్నారు. నేను పిల్లలతో మాట్లాడదామని వెళ్ళాను. లారీ నిండాక డ్రైవరు ఎక్కబోతే పెద్దింట్లు దారికి అడ్డంగా నిలబడింది.

"బాబాయ్, అక్కడ పిల్లలున్నారా?"

"ఉండకేం? బొద్దుగా ఉంటారు, మన చేపలు తిని" అన్నాడు డ్రైవరు. "ఏం, సంబంధం సూడమంటావా?"

గట్టంతా నవ్వింది.

"దీంట్లో మందుంది బాబాయ్. మొన్న మా నాన్న చల్లాడు. తీసుకెల్లొద్దు."

నవ్వు ఆగిపోయింది. కుర్చీలో కూర్చున్న ఆసామి ఏడుకొండలు వైపు చూశాడు. మందు చల్లమన్నది ఆయనే. మందు బలం తగ్గకముందే పట్టుబడి ముందుకి జరిపిందీ ఆయనే. ఏడుకొండలు నీళ్ళలోంచి తడి బట్టలతో వచ్చి కూతుర్ని భుజాన వేసుకున్నాడు. "పిల్లకి జొరమండీ, ఏదో పేలుతుంది" అన్నాడు. అంత తడిలోనూ అతని మొహాన చెమట కనిపించింది. లారీ కదిలింది. పిల్ల అరవలేదు. తండ్రి భుజం మీంచి, కనిపించినంత దూరం లారీని చూస్తూ, ఆ తర్వాత కూడా చూస్తూనే ఉంది. ఆ పిల్ల ఇంకా లారీ వెంట వెళుతోందని నాకు అప్పుడు తెలిసింది. ఎక్కడా దిగలేకపోతోంది.

చేప మానేసింది. అది పెద్ద విషయం కాదనుకున్నాం. తర్వాత అన్నం. "ఈ చేలోకి వచ్చేది ఆ కాలవ నీళ్ళే" అంది. పాలు పోస్తే గట్టు మీది గడ్డి అంది. తిరపతమ్మ ఏలూరు నుంచి ఆపిల్ పళ్ళు తెప్పించింది. పిల్ల ఒక పండుని చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించి, మెల్లగా పక్కన పెట్టింది. మొండితనం కాదు. నోటి దాకా తీసుకెళ్ళేది, చెయ్యి తనంతట తను ఆగిపోయేది. నిప్పు దగ్గర మన చెయ్యి ఆగినట్టు. బిగింపంటే అదే కదా. మేం కోరింది అదే.

"ఏదీ అమ్మా, గూడబాతు నోరు?" అని తిరపతమ్మ బతిమాలేది. పెద్దింట్లు తల వాల్చి నోరు తెరిచేది, అమ్మ కోసం. ముద్ద లోపలికి వెళ్ళేది. వెంటనే బయటికి వచ్చేసేది. భర్తతో పాటు తిరపతమ్మ కూడా చెరువు దగ్గర మేతలో మందు కలుపుతుంది. ఎంత సబ్బుతో కడిగినా ఆ చెయ్యి పిల్ల అల్లికలో ఉన్న చోటునే ఉంది.

ఏలూరులో ఆస్పత్రిలో చేర్చాం. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నారు. సెలైన్ ఎక్కించారు. ఆ సీసా వైపు చూసి పెద్దింట్లు, "ఈ నీళ్ళెక్కడియ్యండీ?" అని నర్సుని అడిగింది. ఆ నర్సు చాలా మంచి మనిషి. "నీకోసం మా ఊరి కొండ మీంచి తెచ్చా" అంది. పిల్ల నవ్వింది. నమ్మలేదు గానీ, ఆ అబద్ధానికి కృతజ్ఞతగా నవ్వింది. పిల్లలకి ఆ మర్యాద ఎవరు నేర్పుతారో తెలియదు.

ఒక మధ్యాహ్నం నేను రెహానాని అడిగాను, నాకు బిగించమని.

"పెద్దవాళ్ళకి నిలవదు మాస్టారూ. మన తలల్లో అన్నీ గట్టిపడిపోయాయి. నామీద చేసుకుని చూశాను."

"నిలిచినంత సేపే చాలు. ఆ పిల్ల ఎక్కడుందో ఒకసారి చూసొస్తాను."

ఆస్పత్రి ఎదురుగా టీ కొట్టు. రెహానా కారులో కూర్చుని టోపీ పెట్టుకున్నాను. టీ గ్లాసు చేతిలో ఉంది. చేప, లారీ, రోడ్డు అంటూ ఆవిడ నడిపించింది. తాకిడి ఇచ్చింది. అప్పుడు గ్లాసులోని టీ, టీ గా లేదు. పాలు, గేదె, గట్టు, కాలవ, ఆ కాలవలోకి గోదావరి. గోదావరిలో నేను కలిపిన సుభద్ర అస్థికలు. ఆమె ఎటూ పోలేదు. రాజమండ్రి రేవులో కుండ ఖాళీ చేసి, మెట్లెక్కి వచ్చేసి, ఇక అయిపోయిందని నేను గీత గీసుకున్నాను. పిల్లలు లారీ దగ్గర గీసుకున్నట్టే. నది అక్కడ ఆగలేదు. కాలవలన్నీ దిగి, చేలన్నీ తడిపి, నా గ్లాసు దాకా వచ్చింది. గ్లాసుని పెదవుల దాకా తీసుకెళ్ళలేకపోయాను. భయమా, సంతోషమా అంటే చెప్పలేను. ఆ రెండూ వేరు కాని చోటుకి వెళ్ళాను.

అంతలోనే పోయింది. టీ చల్లారేలోపే పోగులు పలచబడి, మళ్ళీ కారు, మళ్ళీ టీ కొట్టు, గట్టిగా హారన్ కొట్టే ఆటో. అర్థమైందన్న జ్ఞాపకం మిగిలింది, అర్థం మిగల్లేదు. సుభద్ర మళ్ళీ చనిపోయింది. నేను టీ తాగేశాను.

రెహానా ముందే వార్డుకి వెళ్ళింది. నేను పైకి వెళ్ళేసరికి పెద్దింట్లు మెలకువగా ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

"మీక్కూడా పెట్టారంటగా? రెహానా మేడం చెప్పింది."

"పెట్టారు. పోయింది."

"నాకూ పోద్దా?"

"నీకు పోదమ్మా. చిన్నపిల్లవి. లేతగా ఉన్నప్పుడు పడింది నిలుస్తుంది."

 "మరి ఇంకెవురికీ లేకుండా నాకొక్కదానికే ఉండి ఏం లాభం మాస్టారూ?" అంది.

   దుప్పటి సర్ది, కిటికీలోంచి పడే ఎండ మొహాన పడకుండా తెర లాగాను. నాకు చేతనైంది అదొక్కటే.

దారి ఒకటి ఉందని రెహానాకి ముందు నుంచీ తెలుసు. చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. బిగించినట్టే సడలించవచ్చు. అయితే ఏ పోగుని వదలాలో ఏరుకోవడం కుదరదు. పిల్ల తలలో అన్నీ పెనవేసుకుని ఒకే మోకు అయ్యాయి. లాగితే మొత్తం ఊడి వస్తుంది. పాతవి కూడా.

ఆస్పత్రి వరండాలో ఏడుకొండలు ఆ మాట పూర్తిగా వినలేదు. "తీసెయ్యండి మేడంగారూ. మా పిల్ల అన్నం తింటే చాలు. గొలుసులూ వద్దు, ఏం వద్దు."

తిరపతమ్మ మాత్రం విన్నది. "గూడబాతుని ఒక్కదాన్నీ ఉంచలేరామ్మా?" అంది.

"అది మధ్య ముడి తిరపతమ్మా. దాన్నుంచే అన్నీ మొదలయ్యాయి."

 ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. రెహానా ఆమె పక్కన నేల మీదే కూర్చుంది.

పిల్లకి నేను చెప్పాను. తనకి తెలియకుండా చేయడం నాకు ఇష్టం లేకపోయింది.

"నేను మర్చిపోతే అది ఆగుద్దా?" అని అడిగింది.

"ఆగదు."

"మరెందుకు?"

"నీకు ఆకలేస్తుంది."

ఆలోచించింది. "అమ్మ ఏడుత్తంది గదా" అని, ఒప్పుకుంటున్నట్టు తలూపింది.

బిగింపుకి టోపీ ఒక్కటి చాలు గానీ సడలింపు గాజు పళ్ళెం చూస్తూ చేయాలి; దాన్ని బడి గదిలోంచి కదపడానికి వీల్లేదు కాబట్టి పిల్లనే ఊరికి తీసుకొచ్చాం. ముందుగా ఇంటి ముందు గట్టు మీద కూర్చోబెట్టమంది. పట్టుబడి అయిన చెరువులో మళ్ళీ పిల్లల్ని వదిలారు, వేలెడంత చేపపిల్లల్ని. పొద్దున పూట గూడబాతులు వాటి కోసం వస్తాయి. అవి రాగానే టపాకాయ వెలిగించడం ఏడుకొండలు పని. ఆ పొద్దున అతను టపాకాయల డబ్బా మూత తీయలేదు. ఆసామి చూస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. కూతురి వెనక నిలబడి, చేతులు కట్టుకుని, గూడబాతులు ఒకదాని వెనక ఒకటి బరువుగా నీళ్ళ మీద దిగడం, సంచీ నోళ్ళు తెరిచి ఆసామి చేపల్ని తోడుకోవడం చూస్తూ ఉన్నాడు. జీవితంలో మొదటిసారి అవి నత్తలంకలో కడుపు నిండా తిన్నాయి.

"సాల్లే నాన్నా" అంది పెద్దింట్లు చివరికి. "ఇంక పోదాం."

సడలింపు ఎంతోసేపు పట్టలేదు. పళ్ళెంలో వెలుగు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వచ్చింది. కాలవ ఆరిపోయింది, వరి చేను ఆరిపోయింది, పేరు తెలియని ఊళ్ళో ఆ పాప ఆరిపోయింది. గూడబాతు చుక్క చాలాసేపు నిలిచింది. తిరపతమ్మ పిల్ల అరికాళ్ళు పట్టుకుని కూర్చుంది. చివరికి అదీ మిణుకుమని పోయింది. దాని వెంట, ఇంకో మూల, 'నేను' అన్న చుక్క కూడా ఆరిపోవడం నేను చూశాను. రెహానా చూసిందో లేదో, అడగలేదు.

పెద్దింట్లు కళ్ళు నులుముకుంది. "అమ్మా, ఆకలేత్తంది."

తిరపతమ్మ ఏడ్చిన ఏడుపు బడి బయటికి వినిపించింది. ఏడుకొండలు గుమ్మంలో కూలబడి గట్టిగా నవ్వాడు. పిల్లలు కిటికీలకి వేలాడి చూశారు.

నెల తిరక్కుండానే బుగ్గలు నిండాయి. మా పరిశోధన కూడా ముగింపుకొచ్చింది. దానికి డబ్బిచ్చిన నగరంలోని సంస్థవాళ్ళు మా నివేదిక చదివి రెహానాకి ఫోన్ చేశారు. బిగింపు గురించి ఒక్క మాట అడగలేదట. సడలింపు గురించి అడిగారట. ఎండలూ వరదలూ వార్తల్లో చూసి నిద్రపోని పిల్లలు నగరంలో ఎక్కువయ్యారట, వాళ్ళ అమ్మానాన్నలు ఎంతైనా ఇస్తారట.

"ఏమన్నావు?" అన్నాను.

"చేస్తానన్నాను మాస్టారూ." ఆవిడ నా వైపు చూడలేదు. "తినని పిల్లని చూశాక, వద్దని ఎలా చెప్పను?"

 వద్దనడానికి నా దగ్గర ఉన్నది చల్లారిన ఒక టీ గ్లాసు జ్ఞాపకం మాత్రమే.

వెళ్ళిపోయే రోజు, పద్ధతి ప్రకారం, పెద్దింట్లుకి మళ్ళీ కాగితం ఇచ్చాను. నాలుక పక్కకి పెట్టి శ్రద్ధగా గీసింది. మనిషి, తవుడు సంచి, చేప. లారీకి నిమ్మకాయా మిరపకాయలూ పెట్టింది. ఐసు చుక్కలు పెట్టింది. మనిషి బొమ్మకి మీసాలున్నాయి, నాన్న కాబోలు.

"లారీ తర్వాత?" అన్నాను. 

"లారీ తర్వాత ఏముంటది మాస్టారూ? ఎల్లిపోద్ది."

అప్పుడే చెరువు మీద ఏవో రెక్కల చప్పుడైంది. పిల్ల తలెత్తి చూసింది. "నాన్నా, పచ్చులొచ్చినయ్! టపాకాయ్ ఎయ్యి!" అని కేకేసింది. గట్టు చివర్న ఏడుకొండలు అగ్గిపుల్ల గీసి ఎంతోసేపు పట్టుకున్నాడు. అది వేళ్ళ దాకా కాలాక ఇంకోటి గీశాడు. ఢామ్మని పేలింది. తెల్లటి పెద్ద రెక్కలు లేచి, మా మీదుగా నీడ వేసి, దక్షిణానికి పోయాయి.

ఆ రోజూ శీలావతి పులుసే. తిరపతమ్మ చివరి ముద్ద కలిపి చేతిలో పట్టుకుని, అలవాటుగా, "ఏదీ, గూడబాతు నోరు?" అనేసింది. అన్నాక తనే బిత్తరపోయింది. పెద్దింట్లు అమ్మ వైపు అర్థం కానట్టు చూసి, "అదేంటమ్మా?" అని, ముద్దని చేత్తో అందుకుని తినేసింది. తిరపతమ్మ ఖాళీ చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉంది. తర్వాత పళ్ళెంలో కడిగేసుకుంది.

నేను నా పళ్ళెంలో చేపముక్క వైపు చూస్తూ కూర్చున్నాను. తినాలో వద్దో తెలియలేదు. తినకపోతే దానికి ఒక అర్థం ఉండాలి. అది నా దగ్గర లేదు.

"మాస్టారికి ముళ్ళు తీసుకోటం ఇంకా రాలేదమ్మా" అని పెద్దింట్లు నవ్వింది. నా పళ్ళెం తన ముందుకి లాక్కుంది. అన్నీ పోయినా వేళ్ళకి ఆ పని పోలేదు. ముక్కని చీల్చి, పంగల ముళ్ళు ఒక్కొక్కటే దువ్వినట్టు లాగి, తెల్లటి కండ కుప్పగా పెట్టి నా వైపు జరిపింది.

"తినండి మాస్టారూ. ముళ్ళేం లేవు."

తిన్నాను. నిజంగానే ఒక్క ముల్లు కూడా తగల్లేదు.